పాట అందరిది – చరిత్ర ఎవరిది?

కలిసి ఎదిగినవాళ్ళు ఎందుకు విడిపోతారు? విడిపోయినవాళ్ళు మళ్ళీ ఎందుకు కలుస్తారు? అలా కలిసినప్పుడు నిజంగా కలిసేది మనుషులేనా, లేక వాళ్ళ పేరుకున్న గిరాకీయా? ఊళ్ళో కోలాటం బృందం నుంచి పెద్ద పెద్ద సంఘాల వరకు అందరూ ఏదో ఒకనాడు ఎదుర్కొనే ప్రశ్నలే ఇవి. ఈ వార్షికోత్సవ సంచికలో వాటిని మేము ఒక డాక్యుమెంటరీ ఆధారంగా చర్చించదలచుకున్నాం. దాని పేరు ‘హిస్టరీ ఆఫ్ ది ఈగిల్స్’. అమెరికాకు చెందిన ‘ఈగిల్స్’ అనే రాక్ సంగీత బృందం పుట్టుక, చీలిక, పునఃకలయికల కథ ఇది. ఆలిసన్ ఎల్‌వుడ్ దర్శకత్వంలో రెండు భాగాలుగా, మూడు గంటల నిడివితో 2013లో వచ్చింది.

“ఇంగ్లీషు పాటలతో మనకేం పని?” అని కొందరు తమ్ముళ్ళు అడగవచ్చు. అడగాలి కూడా. ఇంగ్లీషు పాట, ఇంగ్లీషు సినిమా కాన్వెంటులో చదివినవాళ్ళ సొత్తు అని మనకు ఎవరూ చెప్పలేదు. అయినా మనమే అలా నమ్మి దూరంగా ఉండిపోయాం. మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. మేము ఈ చిత్రాన్ని కింద అక్షరాలు చదువుకుంటూ, అర్థం కాని చోట ఆపి మళ్ళీ చూసుకుంటూ పూర్తి చేశాం. చూశాక తెలిసింది, ఇది గిటార్ల కథ కాదు. ఒకే గదిలో ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళయ్యాక వాటాలు ఎలా లెక్క వేసుకున్నారన్న కథ.

1971లో లాస్ ఏంజిలస్‌లో లిండా రాన్‌స్టాట్ అనే గాయని వెనుక వాయించడానికి కుదిరిన కుర్రాళ్ళు తమకంటూ ఒక బృందం పెట్టుకున్నారు. వారు గ్లెన్ ఫ్రే, డాన్ హెన్లీ, బెర్నీ లీడన్, రాండీ మైస్నర్. హెన్లీది టెక్సాస్‌లోని లిండెన్ అనే చిన్న ఊరు. మైస్నర్ నెబ్రాస్కా రాష్ట్రంలోని రైతు బిడ్డ. 1974లో చేరిన డాన్ ఫెల్డర్ ఫ్లోరిడాలో ఒక మెకానిక్ కొడుకు. గుప్పెడు టపాకాయలిచ్చి స్నేహితుడి దగ్గర తన మొదటి గిటార్ మార్చుకున్నవాడు. అతన్ని ఈ బృందంలోకి తెచ్చింది పాత స్నేహితుడైన లీడన్.

ఈ చిత్రంలో ప్రతి విద్యార్థీ చూడవలసిన ఘట్టం ఒకటుంది. పేరు రాకముందు ఫ్రే ఒక చవక అద్దె ఇంట్లో ఉండేవాడు. కింది గదిలో జాక్సన్ బ్రౌన్ అనే మరో కుర్ర రచయిత ఉండేవాడు. పొద్దున్నే టీ కెటిల్ ఈల వినిపించేది. తర్వాత పియానో మీద ఒకే చరణం పదిసార్లు, ఇరవైసార్లు. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ కెటిల్ ఈల, మళ్ళీ అదే చరణం. పాట ఎలా రాయాలో తనకు అలా తెలిసిందని ఫ్రే అంటాడు. ప్రతిభ అంటే ఆకాశం నుంచి ఊడిపడేది కాదు, కూర్చుని చేసే పని అని ఇంతకంటే సులువుగా ఎవరూ చెప్పలేరు. ఆ కష్టాన్ని మేము మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాం. మా విమర్శ ఆ కష్టం మీద కాదు.

ఫలితం అందరికీ తెలిసిందే. 1976 ఫిబ్రవరిలో వచ్చిన వీరి తొలి పాటల సంకలనానికి 3 కోట్ల 80 లక్షల ప్రతుల అమ్మకం ఉందని అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 2018లో ధ్రువీకరించింది. ఆ దేశ చరిత్రలో మరే ఆల్బమ్‌కీ అప్పటికి అంత లెక్క లేదు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ‘హోటల్ కాలిఫోర్నియా’ ఆల్బమ్‌కు 2 కోట్ల 60 లక్షలని లెక్క తేలింది. ఇంగ్లీషు పాటలు విననివారు కూడా ఆ పాట చివర రెండు గిటార్లు ఒకదానికొకటి జవాబిచ్చుకోవడం ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఆ పాటకు మొదటి బాణీ ఫెల్డర్ తన ఇంట్లో టేపు మీద చేసి తెచ్చినది. మాటలు ప్రధానంగా హెన్లీ, ఫ్రేలవి. ఒకరి చేతిలో పుట్టింది, మరొకరి గొంతులో పెరిగింది. బృందం అంటే అదే కదా!

పైకి ఎదుగుతున్నకొద్దీ లోపల పగుళ్ళు వచ్చాయి. 1975లో లీడన్ వెళ్ళిపోయాడు. 1977లో మైస్నర్ వంతు వచ్చింది. అతని పాట ఒకటి చివర చాలా పై స్థాయిలో పాడాలి. ప్రేక్షకులు ప్రతి రాత్రీ అదే అడిగేవారు. ఒంట్లో బాగోలేక ఒకనాడు పాడనన్నాడు. దాని మీద ఫ్రేతో గొడవై, కొద్ది నెలల్లో బయటికి వెళ్ళాడు. ఇక 1980 జులైలో లాంగ్ బీచ్‌లో జరిగిన కచేరీ సంగతి వింటే ముక్కున వేలు వేసుకుంటాం. వేదిక మీద శ్రావ్యంగా పాడుతూనే, పాటకూ పాటకూ మధ్య ఫ్రే, ఫెల్డర్ ఒకరినొకరు బెదిరించుకున్నారు. ఇంకా ఎన్ని పాటలయ్యాక కొట్టుకోబోతున్నారో లెక్కపెట్టుకున్నారు. ఆ తర్వాత కచేరీల ఆల్బమ్‌ను సరిదిద్దవలసి వస్తే, ఫ్రే లాస్ ఏంజిలస్‌లో, మిగతావాళ్ళు మయామీలో కూర్చుని పూర్తి చేశారు. గొంతులు కలిశాయి గాని ముఖాలు కలవలేదు.

మళ్ళీ ఎప్పుడు కలుస్తారని అడిగితే, నరకం గడ్డకట్టినప్పుడు అన్నాడట హెన్లీ. పద్నాలుగేళ్ళకు గడ్డకట్టింది! 1993లో ఇతర గాయకులు వీరి పాటలతో ఒక ఆల్బమ్ చేశారు. అందులో ఒక పాట వీడియో కోసం పాతవాళ్ళు ఒకచోట చేరారు. 1994లో తిరిగి కచేరీలు మొదలుపెట్టారు. అంతకుముందు తాగుడులో కూరుకుపోయిన జో వాల్ష్ అనే సభ్యుడు అది మానితేనే ఈ ప్రయాణం అని ఫ్రే, హెన్లీ చెప్పారు. అతను మానాడు. ఒక మనిషిని బతికించిన కలయికగా ఈ భాగం మమ్మల్ని కదిలించింది. మంచిని మంచి అనే చెప్పాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. డెబ్బైలలో బృందం సంపాదనలో సభ్యులకు సమాన వాటాలుండేవి. 1994లో మాత్రం తనకు, హెన్లీకి మిగతావాళ్ళకంటే ఎక్కువ వాటా రావాలని ఫ్రే పట్టుబట్టాడు. విడిపోయిన ఏళ్ళల్లో విడివిడిగా పాడి ఈగిల్స్ పేరును నిలబెట్టింది తామిద్దరమేనని ఆయన వాదన. కెమెరా ముందు ఏ దాపరికమూ లేకుండా ఆ మాట చెబుతాడు. ఫెల్డర్ అయిష్టంగానే సంతకం పెట్టాడు. తర్వాత లెక్కలు అడుగుతూ వచ్చాడు. 2001లో అతన్ని బృందం నుంచి తొలగించారు. అతను కోర్టుకెక్కాడు. 2007లో కోర్టు బయట రాజీ అయింది.

ఫ్రే వాదనలో న్యాయం లేదని మేము అనము. ఎక్కువ పాటలు రాసింది, పాడింది ఆ ఇద్దరే. ఎక్కువ పని చేసినవాడికి ఎక్కువ ఇవ్వడం తప్పెలా అవుతుంది? కానీ ఒక చిన్న లెక్క చూడండి. 1994 కలయిక ఆల్బమ్‌లో కొత్త పాటలు 4. కచేరీలో పాడినవి 11. ఆ పదకొండింటిలో అత్యధికం డెబ్బైలలో అందరూ కలిసి చేసినవే. వంద డాలర్లు దాటిన టికెట్టు కొని జనం వచ్చింది ఆ పాత పాటల కోసమే. సమానంగా ఉన్న రోజుల పంటను అసమానంగా ఉన్న రోజుల్లో కోసుకున్నారన్నమాట. ఇంకో సంగతి. అమెరికాలో అమ్మకాల రికార్డు సృష్టించిన ఆ 1976 సంకలనంలో గొంతు, వాయిద్యం ఉన్న లీడన్, మైస్నర్ 1994 వేదిక మీద అసలు లేనే లేరు. విత్తినవాడు గట్టు మీద కూడా లేని కోత అది.

చిత్రంలో మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టినది మరొకటి. ‘హోటల్ కాలిఫోర్నియా’ ఆల్బమ్‌లో ఒక పాట తానే పాడాలని ఫెల్డర్ ఆశపడ్డాడు. పాడాడు గాని, మిగతావాళ్ళకు బాగుందనిపించలేదు. ఆ మాట ముఖం మీద చెప్పలేదు. మేనేజరు అతన్ని భోజనానికి తీసుకువెళ్ళాడు. ఆ సమయంలో స్టూడియోలో ఆ పాటను హెన్లీ చేత పాడించారు. పాట బాగా రావడం ముఖ్యమే, కాదనం. బాగోలేదని స్నేహితుడికి చెప్పే హక్కూ ఉంది. అన్నం పెట్టించి వెనుక నుంచి తీసేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. అలాగే, చిత్రంలో ఫెల్డర్ ప్రస్తావన వస్తే అతన్ని ‘మిస్టర్ ఫెల్డర్’ అంటారు. నిన్నటిదాకా ‘ఒరేయ్’ అని పిలుచుకున్నవాళ్ళు ఇవాళ ‘గారు’ అన్నారంటే, అది గౌరవం కాదు, దూరం. మన పల్లెల్లో ఈ సంగతి చదువురాని అవ్వకు కూడా తెలుసు. చివరికి, పోగొట్టుకున్న స్నేహం గురించి చెప్పబోయి ఫెల్డర్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. మూడు గంటల చిత్రంలో ఆ కొద్ది క్షణాలే మాకు అన్నిటికంటే నిజంగా అనిపించాయి.

ఈ చిత్రం బృందం సహకారంతో, వారు కోరగా తయారైనది. కాబట్టి చరిత్ర పేరుతో మనం చూసేది ఎక్కువ భాగం ఆ ఇద్దరు చెప్పిన చరిత్ర. ఎడమైనవాళ్ళకూ మాట్లాడే చోటు ఇచ్చినందుకు దర్శకురాలిని అభినందించాలి. కానీ మొదటి మాట, చివరి మాట మిగిలినవాళ్ళదే అయింది. ఫెల్డర్ ఊరుకోలేదు. అంతకుముందే తన కథను తానే పుస్తకంగా రాసుకున్నాడు. ఆ పుస్తకం, ఈ చిత్రం రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే చరిత్ర పూర్తవుతుంది. మన చేతిలో ఉన్న ఇలాంటి చిన్న సంచికల విలువ కూడా అక్కడే ఉంది. మన కథ మనం రాసుకోకపోతే రాసేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకు తోచినట్టు రాస్తారు.

అయితే ఈ కథలో వెలుగు లేకపోలేదు. 1998 జనవరిలో న్యూయార్క్‌లో రాక్ సంగీత ప్రముఖుల జాబితాలో ఈ బృందాన్ని చేర్చిన రోజున, పాతవాళ్ళు, కొత్తవాళ్ళు కలిపి ఏడుగురూ ఒకే వేదిక మీద నిలబడి వాయించారు. డాక్యుమెంటరీ వచ్చాక అదే పేరుతో 2013 నుంచి 2015 వరకు సాగిన యాత్రకు లీడన్‌ను పిలిచారు, అతను వచ్చాడు. 2016 జనవరిలో గ్లెన్ ఫ్రే కన్నుమూశాడు. 2023లో మైస్నర్ కూడా పోయాడు. ఏడుగురూ కలిసి నిలబడే అవకాశం ఇక ఎన్నటికీ లేదు. పగలకు గడువుండదనుకుంటాం గాని, మనుషులకు గడువుంటుంది.

మిత్రులారా! వార్షికోత్సవం నాడు మనం కూడా పూర్వ విద్యార్థులను పిలుస్తాం. ఉద్యోగాలు వచ్చిన అన్నలు, అక్కలు వేదిక ఎక్కుతారు. దండలు వేస్తాం, చప్పట్లు కొడతాం. వాళ్ళు దానికి అర్హులే. కానీ వాళ్ళతోపాటు అదే ట్రంకు పెట్టె మోసుకొచ్చి, అదే వరుసలో కంచం పట్టుకుని నిలబడి, పది తప్పిందనో, ఇంట్లో అప్పు పెరిగిందనో, పెళ్ళి చేసేశారనో మధ్యలో ఆగిపోయినవాళ్ళ పేర్లు మన పిలుపు జాబితాలో ఉంటున్నాయా? లెక్కల్లో వెనకబడినవాడికి రాత్రి స్టడీ అవర్‌లో చెప్పిన స్నేహితుడు ఇవాళ ఆటో నడుపుతూ ఉండవచ్చు. ఆ లెక్కలు నేర్చుకున్నవాడు ఆఫీసరై ఉండవచ్చు. ఆ ఉద్యోగంలో ఆ స్నేహితుడి పాలు లేదా? తెల్లవారుజామున పొయ్యి వెలిగించిన వంటమనిషికి, కామాటికి, రాత్రంతా మేలుకున్న వాచ్‌మన్‌కు పాలు లేదా?

జీతంలో వాటా అడగడం లేదు. జ్ఞాపకంలో వాటా, వేదిక మీద ఒక కుర్చీ, సంచికలో ఒక పేజీ అడుగుతున్నాం. వచ్చే వార్షికోత్సవానికి ప్రతి బ్యాచ్ తన హాజరు పట్టీ ముందు పెట్టుకుని, పాసైనవారు, ఆగిపోయినవారు అన్న తేడా లేకుండా పిలవాలని మా ప్రతిపాదన. ఉద్యోగంలో ఉన్న అన్నలు తమ ప్రసంగంలో కనీసం ఒక్క పాత స్నేహితుడి పేరు, అతను చేసిన మేలు చెప్పాలని మా విన్నపం. మాలో రేపు ఎవరికి పేరొచ్చినా ఇదే నియమం మాకూ వర్తిస్తుందని ఈ సంచిక సాక్షిగా ఒప్పుకుంటున్నాం.

ముందుకు నడవడం గొప్పే. మన వెంట ఎవరెవరు నడిచారో గుర్తుంచుకుని చెప్పడం అంతకంటే గొప్ప. పాట అందరిదైనప్పుడు చరిత్ర కూడా అందరిదీ కావాలి!