వెండితెరపై విశాఖ

ప్రతి నగరమునకును రెండు రూపములుండును. ఒకటి అందు నివసించువారు నిత్యము చూచునది. రెండవది, ఆ నగరమును ఎన్నడును చూడనివారు తమ మనస్సులో నిలుపుకొన్నది. ఈ రెండవ రూపమును పూర్వము కవులును, యాత్రికులును కల్పించెడివారు. మన కాలమున ఆ పనిని చాలవరకు సినిమా చేయుచున్నది. విశాఖపట్టణమునకు పోయి యెరుగని కర్నూలు యువకునో, నల్లగొండ గృహిణినో ఆ నగరమెట్లుండునని అడిగినచో, చాలమంది ఒకే విధముగ చెప్పుదురు: ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క కడలి, నడుమ మెలికలు తిరుగు బాట, ఆ బాటపై మోటారు సైకిలు మీద పోవు యువజంట.

ఇది అబద్ధము కాదు. భీమునిపట్టణపు దారి నిజముగ అంత అందమైనదే. కాని 2011 జనాభా లెక్కల నాటికే 17 లక్షలకు మించిన ప్రజలు నివసించు నగరమునకు ఆ బాట యొక్కటే గుర్తుగా నిలుచుట విచారింపదగిన విషయము.

అతిథి చూపు

ఇట్లగుటకు కారణము చిత్రనిర్మాణ చరిత్రయందే కలదు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ చెన్నపట్టణమున పెరిగి, పిమ్మట హైదరాబాదునకు తరలినది. విశాఖ దానికి ఏనాడును ఇల్లు కాలేదు. విడిది మాత్రమే అయినది. స్టూడియోలో కట్టిన సెట్టుల నుండి వెలుపలికి రాదలచిన దర్శకునకు సముద్రము, కొండలు, పాత బంగళాలు, కొద్ది గంటల ప్రయాణములో అరకు లోయ, బొర్రా గుహలు, ఇన్నియు ఒక్కచోట దొరకుట అరుదు. కాబట్టి వారు వచ్చిరి. కొన్ని వారములుండి, కావలసినది పట్టుకొని పోయిరి. అతిథికి ఇంటి ముంగిలి కనిపించును గాని వంటిల్లు కనిపించదు.

1978లో కె. బాలచందర్ తీసిన ‘మరో చరిత్ర’ ఈ సందర్భమున ముందుగా చెప్పుకొనవలసినది. నలుపు తెలుపులలో తీసిన ఆ చిత్రము విశాఖ, భీమిలి తీరములను తెలుగువారికే గాక తమిళులకును చిరపరిచితములు గావించినది. అరవ యువకుడును, తెలుగు యువతియు ఇరుగుపొరుగు వారగుట ఈ నగరమున సహజము. రేవు, రైల్వే, నౌకాదళము ఉన్నచోటికి అన్ని భాషలవారును ఉద్యోగములకు వచ్చి చేరుదురు. ఆ మేరకు ఆ కథ నగర స్వభావమునకు తగినదే. కాని మూడేండ్లకు, అనగా 1981లో, అదే కథను ఆయనయే ‘ఏక్ దూజే కే లియే’ అను పేర హిందీలో తీసినపుడు రంగస్థలము గోవాకు మారినది. అచ్చటను సముద్రమున్నది, ఇద్దరు ప్రేమికులున్నారు, రెండు భాషల నడుమ గోడయున్నది. కథకు లోటేమియు రాలేదు. విశాఖకు బదులుగ మరియొక తీరమును నిలిపినను కథ చెడలేదనగా, ఆ కథకు విశాఖ తన తీరమును ఇచ్చినదే గాని తన జీవితమును ఇయ్యలేదని గ్రహింపవలెను.

1980లలో జంధ్యాల తన హాస్యచిత్రములలో పెక్కింటిని ఇచ్చటనే తీసి, ప్రేక్షకుని సముద్రపుటొడ్డు నుండి కొంత లోపలికి, వీథులలోనికి, మధ్యతరగతి ఇండ్ల వసారాలలోనికి కొనిపోయెను. అది మేలైన మార్పు. అయినను ఆ వసారాలలో వినిపించిన తెలుగు చాలవరకు కృష్ణా గోదావరీ తీరములదే.

కనిపించని నగరము

తెరకెక్కని విశాఖ ఎట్టిది? 1933లో ప్రారంభమైన రేవు. 1948లో ‘జల ఉష’ అను ఓడను నీట విడిచిన నౌకానిర్మాణశాల. 1957లో పని మొదలిడిన చమురు శుద్ధి కర్మాగారము. 1966లో ఆంధ్రదేశమంతటను చెలరేగిన ఉద్యమమునకు, అందు పోయిన ప్రాణములకు ఫలముగ వచ్చి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము. ఒక చిన్న రేవు పట్టణమును మహానగరముగ పెంచినవి ఇవియే. వేళగాని వేళ షిఫ్టు డ్యూటీకి బస్సెక్కు కార్మికులు, తెల్లవారకముందే చేపలరేవులో వేలము పాడి సరుకును తట్టలకెత్తుకొను స్త్రీలు, వేట నిషేధమున్న 61 దినములు, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పడవలు ఒడ్డున కట్టి అప్పులకై తిరుగు జాలరులు, వీరందరును ఆ నగరవాసులే. సినిమాలో సముద్రము పాటకు వెనుకతెర. జాలరికి అది పొలము. దానిని పొలముగ చూపిన చిత్రములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి.

అంతకంటె పెద్ద లోపము భాషయందు కలదు. ‘ఏటి’, ‘గుంటడు’, ‘బావు’ అను ఉత్తరాంధ్ర పలుకుబడి దశాబ్దములపాటు తెరపై వంటవానికో, తోటమాలికో, నవ్వు పుట్టింపవలసిన పల్లెటూరివానికో మాత్రమే దక్కినది. కథానాయకుడు ఆ ఊరివాడే అయినను అతని మాట ఆ ఊరిది కాదు. తన ఇంటి మాట నవ్వులాటకే పనికివచ్చునని చిన్ననాటి నుండియు వినుచు పెరిగిన బాలుడు, పై చదువునకు మరియొక ఊరు పోయినపుడు మొట్టమొదట దాచుకొనునది ఆ మాటనే. ఈ నష్టము ఏ వసూళ్ల పట్టికలోను చేరదు.

సాహిత్యమున ఇట్లు జరుగలేదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ ద్వారా గురజాడ ఈ ప్రాంతపు వాడుక మాటకు పీట వేసెను. విశాఖలో న్యాయవాదిగ నుండిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లోను, ‘ఆరు సారా కథలు’లోను ఈ సీమలోని గుమాస్తాలను, కోర్టు పక్షులను, పోలీసులను, సారా అమ్ముకొని బ్రతుకు పేదలను వారి వారి మాటలతోనే సజీవముగ నిలిపెను. ఆ కథలు చదువునపుడును నవ్వు వచ్చును. కాని ఆ నవ్వు మాటాడువాని మీద కాదు. వానిని బోనెక్కించిన వ్యవస్థ మీద. సినిమా నేర్వవలసిన తేడా ఇదియే.

క్రొత్త ప్రయత్నములు

గడచిన కొన్నేండ్లుగ మార్పు కనిపించుచున్నది. శివ నిర్వాణ తీసిన ‘నిన్ను కోరి’ (2017)లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విద్యార్థియు, ‘మజిలీ’ (2019)లో రైల్వే ఉద్యోగుల కుటుంబములును కథకు ఆధారములైనవి. 1971 డిసెంబరులో విశాఖ చెంత మునిగిన పాకిస్తాను జలాంతర్గామిని గూర్చి ‘ఘాజీ’ (2017) వచ్చినది. యుద్ధము నాటి నగరము దీపములార్పుకొని గడపిన రాత్రులు మాత్రము ఇంకను కథకుని కొరకు వేచియున్నవి. 2023 నాటి ‘వాల్తేరు వీరయ్య’ పేరులోనే ఊరిని ధరించి, జాలరిపేట వానిని నాయకునిగ నిలిపినది. కాని అచ్చట పేట, వల, పడవ అన్నియు నాయకుని పరాక్రమమునకు అలంకారములే. కథ త్వరలోనే మలేషియా చేరును.

వీనియన్నింటిలో వేరుగ నిలిచినది వెంకటేశ్ మహా దర్శకత్వమున 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’. పేరుపొందిన తారలు అందు లేరు. ఆ పేటలోని మనుష్యులే చాలవరకు నటులు. పెండ్లికాని నడివయస్సు అటెండరు, ఒరిస్సా నుండి వచ్చిన అధికారిణి, మద్యపు దుకాణములో పనివాడు, మట్టి వినాయకుని చేయు శిల్పి, ఇట్టివారి ప్రేమలు, వానికి అడ్డువచ్చు కులమతములు అందలి విషయము. సముద్రపు హోరు లేకయే అది విశాఖ కథ అయినది. అందలి మాట విని ప్రేక్షకులు నవ్విరి, కంట తడిపెట్టిరి. ఎగతాళి మాత్రము చేయలేదు. ఈ కథను గోవాకు తరలింప సాధ్యము కాదు. అందలి మనుష్యులు, మాటలు, తగవులు ఆ పేటలో వేళ్లూనియున్నవి. ఇటీవల 2025లో, పాకిస్తాను చెరలో చిక్కి విడుదలయిన శ్రీకాకుళపు జాలరుల గాథ ‘తండేల్’గా వచ్చినపుడు ప్రసిద్ధ నటుడే ఈ ప్రాంతపు యాసను పలుకుటకు పూనుకొనెను. దాని జయాపజయములెట్లున్నను, తోటమాలి మాట నాయకుని నోటికెక్కినదనుట చిన్న విషయము కాదు.

ఎవరిది నగరము?

సినిమా గెజెటీరు కాదనియు, పగలంతయు పనిచేసి అలసిన ప్రేక్షకునకు సాయంకాలము కావలసినది అలల అందమే గాని కర్మాగారపు పొగ కాదనియు కొందరందురు. ఆ వాదమును తేలికగ త్రోసివేయరాదు. విశాఖవాసులు సయితము తమ తీరము తెరపై మెరసినపుడు సంతోషింతురు. ఆ సంతోషము న్యాయమైనది. అందమును చూపుట తప్పు కాదు. అందము మాత్రమే చూపుచు పోయినచో, తక్కినది లేదనుకొను అలవాటు చూపరులకు పట్టుబడును. చిక్కంతయు అచ్చటనే యున్నది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగ ఈ నగరముపై పడినపుడు చిత్రసీమ ఉదారముగ కదలి, విశాఖలో పుట్టిన శ్రీశ్రీ మాటనే పేరుగ పెట్టుకొని విరాళములు సేకరించినది. అది విడిది యిచ్చిన ఊరిపట్ల కృతజ్ఞత, కొనియాడదగినది. కాని 2020 మే 7న ఒక రసాయన కర్మాగారము నుండి విషవాయువు వెలువడి, వెంకటాపురము ప్రాంతమున నిదురించుచున్న ప్రజలపై పడి 12 ప్రాణములు పోయినపుడు, కర్మాగారపు గోడనానుకొని ఊళ్లున్నవన్న సంగతి తెరమీది విశాఖనే యెరిగినవారికి క్రొత్త వార్త అయినది. 2021 జనవరిలో కేంద్రప్రభుత్వము ఉక్కు కర్మాగారమును విక్రయింప నిశ్చయించినపుడు కార్మికులు వీథికెక్కిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడినది. ఈ నడుమ జరిగిన వాదోపవాదములలో, ఆ కర్మాగారము వెనుకనున్న మనుష్యులు తక్కిన తెలుగువారి కంటికి అంకెలుగ కనిపించినంతగ ఇరుగుపొరుగువారుగ కనిపింపలేదు. వారి ముఖములు మన కథలలో ఎన్నడు కనిపించినవి గనుక?

నగరమును దృశ్యముగ చూచుట అలవడినవారికి, అందలి ప్రజలు ఆ దృశ్యమునకు అడ్డువచ్చినట్లు తోచును. జాలరిపేట గుడిసె విహారస్థలమునకు అడ్డు. చేపల వాసన షికారునకు అడ్డు. కూలివాని మాట నాజూకునకు అడ్డు. రేపు ఏ నిర్మాణము తలపెట్టినను, ఎవరిని తొలగింపవచ్చును, ఎవరిని అడుగవలెను అను ప్రశ్నలకు సమాధానము కొంత ఇట్టి చూపులోనే సిద్ధమై యుండును.

దీనికి నివారణము విశాఖను విడిచి చిత్రములు తీయుట కాదు. విశాఖవారి చేత కథలు చెప్పించుట. కంచరపాలెము వలెనే మల్కాపురము, గాజువాక, జాలరిపేట, పాత పోస్టాఫీసు వీథులు తమ తమ కథలతో అచ్చట నిలిచియున్నవి. నలుబది ఏండ్లకు పైగా తెలుగు కెమెరా ఆ నగరమునకు వీపు త్రిప్పి సముద్రమును చూచినది. ఇక సముద్రము ఒడ్డున నిలిచి నగరమువైపు చూడవలసిన కాలము వచ్చినది.