నొప్పి మనది, కొలబద్ద ఎవరిది?

నొప్పి తగ్గిందంటే రోగం పోయిందని కాదు. ఈ చిన్న మాట ఇవాళ మన వాడల్లో ఇంటింటికీ తిరిగి చెప్పాల్సి వస్తోంది.

నలభై ఏళ్ళు బస్తాలు మోసిన నడుం, రాళ్ళు కొట్టిన భుజం అరవై దాటేసరికి పట్టేస్తాయి. పెద్దాసుపత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది. అందుకే కొట్లో గోళీ, ఆర్‌ఎంపీ దగ్గర సూది. సాయంత్రానికి నొప్పి దిగుతుంది, తెల్లారితే మళ్ళీ పని. ఏం గోళీ, ఏం సూది అని అడిగేవాళ్ళు లేరు. అట్ట మీద రాతంతా ఇంగ్లీషే. అడిగినా ఏం చదువుతాం?

ఈ గోళీల్లో ఎక్కువ భాగం డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ జాతివి. రోజుల తరబడి మింగితే కడుపులో పుండు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు చెడొచ్చు, గుండెపోటు రావచ్చు. చచ్చిన గొడ్డు మీద వాలే రాబందులు ఏమైపోయాయి? డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై చచ్చాయని 2004లో తేలింది. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు నిషేధించారు. మనిషి రాబందు కాదు, ఒక గోళీకి చావడు. నిజమే. కానీ ఎండలో గొంతు తడుపుకోను నీళ్ళు లేక పనిచేసే ముసలాయన కిడ్నీకి రోజూ గోళీ అంటే మాటలా?

పరిశోధన చేశాం, భయం లేదు అంటారు కంపెనీవాళ్ళు. వయాక్స్ సంగతి చూడండి. మెర్క్ కంపెనీ కీళ్ళనొప్పుల మందు అది. కడుపును కాపాడుతుందని గొప్పగా అమ్మారు. 2000లో అచ్చయిన వాళ్ళ పరిశోధనలోనే గుండెపోట్లు ఎక్కువ కనబడ్డాయి. తప్పు మా మందుది కాదు, పోల్చి చూసిన రెండో మందే గుండెను కాపాడింది అన్నారు. మూడు గుండెపోట్లు ఆ వ్యాసంలో లెక్కకే రాలేదని 2005లో ఆ పత్రికే బయటపెట్టింది. ఈలోగా 2004 సెప్టెంబరులో మందును వెనక్కి తీసుకోక తప్పలేదు. నాలుగేళ్ళు మింగినవాళ్ళ సంగతేంటి?

ఇక ఎముకలు. ఎముక గుల్లబారడం ఆడవాళ్ళ జబ్బని అంతా అనుకుంటారు. కానీ యాభై దాటిన మగవాళ్ళలో ప్రపంచం మొత్తం మీద అయిదుగురిలో ఒకరికి ఈ కారణంగా ఎముక విరుగుతుందని అంచనా. తుంటి విరిగాక ఏడాది లోపల చనిపోయేవాళ్ళు ఆడవాళ్ళకంటే మగవాళ్ళలోనే ఎక్కువ. కాక్స్-2 జాతి నొప్పి గోళీలు రోజూ వాడే మగవాళ్ళలో తుంటి ఎముక పలచగా ఉన్నట్టు 2006లో కెనడా పరిశోధన ఒకటి చెప్పింది. గోళీయే కారణమని అది తేల్చలేదు. తేల్చాల్సింది ఇంకా ఉంది. అనుమానం లేనిది స్టెరాయిడ్ సంగతి. "బలం సూది" పేరుతో, నొప్పి సూదితో కలిపి పొడిచే డెక్సామెథసోన్, గోళీగా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ నెలల తరబడి పోతే ఎముకను తినేస్తాయి. బీడీ, సారా దానికి తోడు.

మరి మన ఎముకల్ని ఎవరు కొలిచారు? ముసలి మగవాళ్ళ ఎముకల మీద పేరున్న పెద్ద పరిశోధన 2000లో అమెరికాలో మొదలైంది. 65 దాటిన 5,994 మందిని తీసుకున్నారు. అత్యధికులు తెల్లవాళ్ళు. ఎముక పలచనయిందో లేదో చెప్పే స్కోరుకు అంతర్జాతీయంగా పెట్టుకున్న కొలబద్ద పడుచు తెల్లజాతి ఆడమనిషి ఎముక. చిన్నప్పటి నుంచి అరకడుపుతో బరువులు మోసిన మన తాతకు అదే కొలబద్ద! పరిశోధన వద్దని మేమనడం లేదు. మన దగ్గరా జరగాలి, మనకు తెలిసి జరగాలి అంటున్నాం. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు వేసిన హెచ్‌పీవీ టీకాల్లో తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి మరిచిపోలేదు.

గోళీ మానితే పనికెట్లా పోవాలి అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నొప్పి భరించమని చెప్పే హక్కు మాకు లేదు. అరవై దాటినవాడు గోళీ మింగి పనికి పోవాల్సి రావడమే అసలు జబ్బు.

కాబట్టి అడుగుదాం. ప్రతి మందు అట్ట మీద తెలుగు రాత కావాలి. నెలకు పైబడి నొప్పి గోళీ వాడేవాళ్ళకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే బీపీ, కిడ్నీ పరీక్ష చెయ్యాలి. ముసలి కూలీల ఎముకల మీద ప్రభుత్వమే పరిశోధన చేయించి, ఫలితం తెలుగులో ఊళ్ళోకి తేవాలి. అప్పటిదాకా సంఘం కార్యకర్తలు ఒక పని చెయ్యాలి. ఇంట్లో ఉన్న అట్టలన్నీ తీయించి, సర్కారు డాక్టరుకు చూపించాలి. స్టెరాయిడ్ ఎన్నాళ్ళుగానో వాడుతుంటే ఒక్కసారిగా ఆపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

సూది వేసే ముందు పేరు అడగండి. అడగడం మన హక్కు.