ప్రమాదాన్ని ముందే చెప్పే హక్కు కావాలె

బస్సు లోయలో పడ్డ తరువాత అందరూ మాట్లాడుతారు. మంత్రులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, విచారణకు ఆదేశిస్తారు. కానీ ఆ బస్సు పొద్దున డిపో గేటు దాటకముందు 'ఇది రోడ్డెక్కే బండి కాదు' అని చెప్పే హక్కు ఎవరికున్నది? స్టీరింగు పట్టే డ్రైవర్‌కు ఉన్నదా? గ్యారేజీలో పానా పట్టే మెకానిక్‌కు ఉన్నదా? మేం అడుగుతున్నది ఈ ఒక్క ప్రశ్నే.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద జగిత్యాల డిపో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో వందమందికి పైగా జనం, ముందు నిటారు దిగుడు. నడిపిన డ్రైవర్ కూడా బతకలేదు. డిపో మేనేజర్‌ను సస్పెండ్ చేసి ప్రభుత్వం చేతులు దులుపుకున్నది. ఏడేండ్లకు, 2025 నవంబర్ 3న, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టి 19 మందిని బలి తీసుకున్నది. మొదటిది ఘాట్, రెండోది ఇరుకు రోడ్డు. ఆ దారుల్లో ఏ మలుపు ఎట్ల మింగుతదో రోజూ తిరిగే డ్రైవర్లకు తెలియదా? తెలుసు. ఆ తెలివిని రాసిపెట్టే పుస్తకం, చదివే అధికారి, జవాబు చెప్పే పద్ధతి లేకపోవడమే అసలు ప్రమాదం.

డ్యూటీ దిగిన డ్రైవర్ బండి లోపాలను లాగ్‌షీట్‌లో రాయాలె. కాగితం మీద ఈ ఏర్పాటు ఎప్పటినుంచో ఉన్నది. రాసిన తరువాత ఏమవుతదన్నదే సమస్య. స్పేర్ బస్సు లేకుంటే అదే బండి మళ్లీ రోడ్డెక్కాలె. సర్వీసు రద్దయితే కిలోమీటర్లు తగ్గుతాయి, ఆదాయం తగ్గుతది. ఇక డీజిల్ లెక్క వేరే. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చినవన్నదే కొలమానమైతే, దిగుడులో గేరు తీసి నడిపే ఆశ పుడుతది. గేరు తీస్తే ఇంజన్ పట్టు పోతది, భారమంతా బ్రేకుల మీద పడుతది, అవి వేడెక్కి పట్టు వదులుతాయి. పొదుపు చేసింది నాలుగు చుక్కలు, పోయేది నిండు ప్రాణాలు.

'తప్పుడు ఫిర్యాదులతో డ్యూటీ తప్పించుకుంటారు' అని యాజమాన్యం అనవచ్చు. అట్లాంటివాళ్లు పదిమందిలో ఒకరుంటే ఉండనీ. ఆ ఒక్కని కోసం మిగతా తొమ్మిదిమంది నోరు కుట్టేస్తారా? బండి పరీక్షిస్తే నిజమో అబద్ధమో గంటలో తేలుతది.

చట్టం ఏం చెబుతున్నది? రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలన్న పరిమితి 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉన్నది. ఆ చట్టాన్ని కలుపుకున్న వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రాణాపాయం ఉందని సహేతుకంగా అనుమానిస్తే కార్మికుడు యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టర్‌కూ ఏకకాలంలో తెలుపవచ్చని ఆ కోడ్ అంటున్నది. మంచిదే. కానీ కార్మికులకు సగం చోటుండే భద్రతా కమిటీ సంగతిని ప్రభుత్వ ఉత్తర్వుకు వదిలేసింది. ఆ ఉత్తర్వు రాష్ట్రం ఇవ్వాలె. దానికి ఢిల్లీ చుట్టూ తిరగాల్సిన పని లేదు.

2019 సమ్మె తరువాత యూనియన్లను పక్కనబెట్టి డిపోకొక సంక్షేమ మండలి పెట్టారు. గొంతెత్తే సంఘం బలహీనపడితే ఒంటరి డ్రైవర్ బ్రేకు గురించి ఎవరికి చెప్పుకుంటడు? ఎలక్ట్రిక్ బస్సులు వచ్చినయ్. డ్రైవర్ ప్రైవేటు ఆపరేటర్ మనిషి, కండక్టర్ ఆర్టీసీ మనిషి. ఒకే బస్సులో ఇద్దరు యజమానులు. లోపం చెబితే వినే బాధ్యత మాత్రం ఎవరిదో తెలియదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మేం దాన్ని స్వాగతించినం. ఎక్కే అక్కచెల్లెండ్లు పెరిగినప్పుడు బస్సులూ, సిబ్బందీ, మరమ్మతులూ పెరగాలె కదా?

మా డిమాండ్లు కొత్తవి కావు, ఖర్చువి అసలే కావు. ప్రతి డిపోలో సగం మంది కార్మికులతో భద్రతా కమిటీ వేయాలె. లోపం రాసిన ప్రతివారికి నంబరున్న రసీదు ఇవ్వాలె, ఏం చేసిందీ నోటీసు బోర్డు మీద పెట్టాలె. తృటిలో తప్పిన ప్రమాదాలనూ లెక్కలో రాయాలె. బ్రేకు, స్టీరింగు, టైరు లోపం రాసిన బండిని మెకానిక్ సంతకం లేకుండా గేటు దాటనీయొద్దు. లోపం చెప్పినందుకు ఎవరి మీదా చర్య ఉండొద్దు. అద్దె బస్సులకూ, ఎలక్ట్రిక్ బస్సులకూ ఇదే వర్తించాలె.

2011 సకల జనుల సమ్మెలో చక్రం ఆపి తెలంగాణ కోసం నిలబడ్డది ఈ కార్మికులే. వచ్చిన రాష్ట్రంలో ప్రాణాలు తీసే చక్రాన్ని డిపోలోనే ఆపే హక్కు వాళ్లకు ఇవ్వలేమా? విద్యార్థులారా, ఉద్యోగులారా, ఆ బస్సులో కూర్చునేది మనమే. వాళ్ల గొంతుకు మన గొంతు కలపాలె.