తుంటి కీలుకు కొలత అక్కర్లేదా?

నాగాయలంక నుంచో కోడూరు నుంచో విజయవాడ వెళ్లి తుంటి కీలు మార్పించుకున్న పెద్దావిడ ఏడాది తర్వాత ఎక్స్‌రే పట్టుకెళ్తే, డాక్టరు దాన్ని ట్యూబ్‌లైటుకెత్తి చూసి "బాగుందమ్మా, వెళ్లిరండి" అంటారు. ఏం బాగుంది? ఎవరు కొలిచారు? పొలం గట్టు జానెడు జరిగితే సర్వేయరును పిలిపించే జిల్లా మనది. ఒంట్లో కీలు జరిగిందో లేదో కంటిచూపుతో తేల్చేస్తే అది వైద్యం కాదు, నిర్లక్ష్యం.

కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. కటి ఎముకల్లో అటూ ఇటూ కనిపించే కన్నీటిచుక్క గుర్తులను కలుపుతూ ఒక గీత, కృత్రిమ కీలులో గిన్నెలా ఉండే కప్పు అంచుల మీదుగా మరొకటి. ఆ రెంటి మధ్య కోణమే కప్పు వాలు. కీలు జారకుండా ఉండాలంటే అది 30 నుంచి 50 డిగ్రీలు ఉండాలని 1978లోనే పరిశోధకుడు లెవినెక్ బృందం చెప్పింది. ఆ హద్దులో ఉన్నా కీలు జారినవాళ్లు లేకపోలేదు, అయినా కొలవకుండా వదిలేయడానికి అది సాకు కాదు.

అసలు గండం అరుగుదల. కొత్తలో కప్పు మధ్యనుండే కృత్రిమ కీలు బంతి, లోపలి ప్లాస్టిక్ అరిగేకొద్దీ పైకి జరుగుతుంది. ఎక్స్‌రేలో అన్నీ అసలుకన్నా పెద్దగా పడతాయి. బంతి 28 మిల్లీమీటర్లదో 32దో తెలిస్తే ఆ పెంపును లెక్కగట్టి తీసేయొచ్చు. ఏడాదికి 0.1 మిల్లీమీటరు దాటి అరిగితే ఆ ప్లాస్టిక్ పొడి వల్ల చుట్టూ ఎముక కరిగిపోయే ముప్పు పెరుగుతుంది. చాలాకాలం నొప్పి కూడా ఉండదు. ఇంత సన్నని తేడా ఒక్క ఫిల్ములో తేలదు, ఏళ్ల ఫిల్ములు పక్కపక్కన పెడితేనే తేలుతుంది. అందుకే ఆపరేషన్ కాగానే తీసిన మొదటి ఫిల్మే ఆధారం. అదే మనవాళ్ల దగ్గర ఉండదు!

కాగితం లేకపోతే ఏమవుతుందో దేశం చూసింది. డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ లోహపు తుంటి కీళ్లను 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో సుమారు 4,700 మందికి వేస్తే, వారిలో సుమారు 3,600 మంది ఆచూకీయే దొరకలేదు. నష్టపరిహారం ఎవరికివ్వాలి?

మచిలీపట్నంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. గుడివాడ, దివిసీమల్లో కీలు మార్పించుకున్న ప్రతి ఒక్కరి పేరూ అక్కడ రిజిస్టరులోకెక్కాలి. ఏటా ఒకే భంగిమలో ఎక్స్‌రే తీసి, కోణమూ అరుగుదలా అంకెల్లో రాసివ్వాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరుగుతుంటే, కీలు పెట్టె మీది స్టిక్కరూ మొదటి ఎక్స్‌రే కాపీ చేతికందేదాకా డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టకండి.