ఓర్పు వేఱు, ఊరకుండుట వేఱు



ఇంటిపట్టున నుండి కంప్యూటరుపై సాఫ్ట్‌వేర్ పనులు చేయు స్త్రీలు నేడు మనలో ననేకులు గలరు. నెల జీతము లేక, ఒక్కొక్క పనిని ఒడంబడికపై పుచ్చుకొని చేయు ఈ వృత్తిని ఫ్రీలాన్స్ అందురు. ఇందు పని యిచ్చినవారి యాలస్యమును తన నెత్తిన వేసికొని నష్టపోవు స్త్రీని గూర్చి ఈ మాసము వ్రాయుచున్నాను.

ఒకామె యొక బట్టల దుకాణమునకు 40 దినములలో, 60,000 రూపాయలకు వెబ్‌సైటు చేసి యిచ్చుట కొప్పుకొన్నదనుకొందము. 7వ దినమునకు రావలసిన సరకుల పట్టిక 20వ దినమున వచ్చినది. నమూనా చూచి ‘సరి’ యనుటకు దుకాణదారుకు మఱి 10 దినములు పట్టినది. ఇట్లు 23 దినములు వ్యర్థమయ్యెను. ఆ దినములలో ఆమె వేఱొక పని నొప్పుకొనజాలదు. దినమునకు 1,500 రూపాయలనుకొన్న ప్రతిఫలము, పని 63 దినములకు సాగుటచే 950 చిల్లరకు దిగినది. పైగా, “గడువు దాటినది, సొమ్ము తగ్గించెదము” అను మాట! ఆమె చెంత న్యాయమున్నది గాని నిదర్శనము లేదు.

బియ్యము తేకుండ వంట యాలస్యమైనదని యిల్లాలిని నిందింపరాదు గదా! చట్టము నట్లే చెప్పుచున్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టపు 67వ సెక్షనున నొక దృష్టాంతము గలదు: ఇల్లు మరమ్మతు చేయుట కొకడొప్పుకొనెను, ఎచ్చట మరమ్మతు కావలెనో యింటివాడు చూపడయ్యెను, అందువలన పని జరుగనిచో దోషము పనివానిది కాదు.

కాని అదే చట్టపు 55వ సెక్షను మఱియొక మాట చెప్పును. గడువే ప్రధానమైన యొడంబడికలో, ఎదుటివారు గడువు దాటి తమ వంతు నెరవేర్పగా, పరిహారము కోరెదనని అప్పుడే తెలుపక స్వీకరించినచో, ఆ యాలస్యమునకు పిమ్మట పరిహార మడుగ వీలులేదు. కనుక మౌనము మర్యాద యనిపించుకొనవచ్చును గాని, హక్కును హరించును.

కావున మొదట ఒడంబడికలోనే నాలుగు సంగతులు వ్రాయింపుడు: వారు ఏయే వస్తువులు ఏ తేదీకి ఈయవలెను, నమూనాపై ఎన్ని దినములలో బదులు చెప్పవలెను, ఎన్నిమారులు మార్పులు కోరవచ్చును, వారి యాలస్యమునకు గడువెంత పెరుగును, రుసుమెంత.

రెండవది, ఆలస్యమైన నాడే ఈమెయిలు వ్రాయుడు. కఠినోక్తు లక్కరలేదు. “అయ్యా, 7వ తేదీకి రావలసిన పట్టిక నేటికిని అందలేదు. ఎన్ని దినములాలస్యమగునో అన్ని దినములు గడువు పెరుగును. నాకగు అదనపు వ్యయమును వేఱుగా కోరుదును” అన్న జాలును. పట్టిక వచ్చిన నాడు, “అందినది, ఆలస్యమునకు పరిహారము కోరు హక్కును వదలుకొనుట లేదు” అని మఱియొక పంక్తి వ్రాయుడు. ఫోనులో జరిగిన సంభాషణను ఆ సాయంకాలమే వ్రాసి పంపుడు.

మూడవది, “ఇదొక్కటి చేర్చుడమ్మా” యని వాట్సాప్‌లో వచ్చు చిన్న కోరికలు. స్నేహముచే ఉచితముగా చేయదలచినను, బిల్లులో దాని వెల చూపి, ఈసారికి తగ్గించితినని వ్రాయుడు. వెల తెలియని యుపకారము మఱునాటికి హక్కుగా మాఱును.

న్యాయము రెండు వైపుల నుండవలెను. మన వలన ఆలస్యమైనప్పుడు, అదియు ముందుగా మనమే తెలుపవలెను. అట్టివారి లెక్కను ఎదుటివారు తేలికగా త్రోసివేయజాలరు.

మీ యింట కుమార్తెయో కోడలో ఈ పని చేయుచున్నచో, అర్ధరాత్రి దాక దీపమారకున్న కారణము నొకమా రడుగుడు. ఆలస్య మెవరిదో వ్రాసి పంపితివా యనియు నడుగుడు.