ఠాణా గోడ మీద పేరేది?

2013 జూన్ 14 ఛలో అసెంబ్లీ. దానికి ముందు రాత్రి హాస్టల్ దగ్గర మమ్మల్ని పట్టుకుని డీసీఎం వ్యాను ఎక్కించారు. పదకొండు మందిమి. సెల్‌ఫోన్లు గుంజుకున్నారు. ఎక్కడికి సార్ అంటే "పోతె తెలుస్తది" అన్నారు. నగరం దాటినంక ఒక ఫంక్షన్ హాల్లో దింపారు. మాతో ఉన్న ఒక తమ్ముని తల్లి టీవీలో అరెస్టుల వార్త చూసి, కొడుకు ఫోను ఎత్తకపోయేసరికి, తెల్లారకముందే ఊర్లె బస్సెక్కింది. మూడు ఠాణాలు తిరిగింది. మొదటి కాడ "ఈడ లేడమ్మా". రెండో కాడ "మేమెవ్వర్నీ తేలే". మూడో కాడ సెంట్రీ గేటు లోపలికే పోనియ్యలేదు. "ఉన్నడని ఒక్క మాట చెప్పు సారూ, సాలు. పోతా" అని ఆ తల్లి గేటు పట్టుకుని అడిగిందట. రాత్రి మాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలారు. ఆ కాగితంలో ఏం రాసి ఉందో చదువుతామంటే "ఇంటికి పోవాల్నా వద్దా?" అని ఎదురడిగారు.

ఉద్యమంలో ఇంతకంటే ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్లు వేల మంది ఉన్నారు. మేం ఒక్క పగలు, ఒక్క రాత్రి పోయి తిరిగొచ్చినవాళ్లం. దీన్ని త్యాగమని చెప్పుకోవడానికి మాకే సిగ్గు. కానీ గేటు కాడ ఆ తల్లి అడిగిన ప్రశ్న మమ్మల్ని ఇప్పటికీ వదలలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు గోడ మీద రాసి ఉండాలని అప్పటికే చట్టం ఉన్నది. అది మాకు తెల్వదు. ఆమెకు తెల్వదు. గేటు కాడి సెంట్రీకి తెలుసో లేదో!

2010 నవంబర్ 1 నుంచి సీఆర్‌పీసీలో 41-సి అనే సెక్షన్ అమల్లోకి వచ్చింది. ప్రతి జిల్లాలో పోలీసు కంట్రోల్ రూం పెట్టాలి. దాని బయట నోటీసు బోర్డు ఉండాలి. అరెస్టయిన వాళ్ల పేర్లు, చిరునామాలు ఆ బోర్డు మీద రాయాలి. అంతేకాదు, అరెస్టు చేసిన పోలీసు అధికారి పేరు, హోదా కూడా రాయాలి. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయంలోనైతే అన్ని జిల్లాల అరెస్టుల వివరాలు పోగుచేసి, సామాన్య జనానికి అందుబాటులో ఉంచాలి. సామాన్య జనానికి అన్న మాట మేం కలిపింది కాదు, చట్టంలో ఉన్నదే. మిలియన్ మార్చ్ 2011 మార్చి 10న. సకల జనుల సమ్మె మొదలైంది అదే ఏడు సెప్టెంబర్ 13న. ఛలో అసెంబ్లీ 2013లో. అన్నీ ఈ సెక్షన్ వచ్చినంక జరిగినవే. ఆ మూడేళ్లలో మేం ఎన్ని ఠాణాల ముందు ధర్నా చేశామో లెక్క లేదు. పేర్లు రాసిన బోర్డు ఒక్క కాడ మా కంట పడలేదు.

ఈ సెక్షన్ ఊరికే ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1986 ఆగస్టులో పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థ పెద్ద డి.కె. బసు, లాకప్పుల్లో మనుషులు చచ్చిపోతున్నారని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న కోర్టు పదేళ్లకు, 1996 డిసెంబర్ 18న, పదకొండు ఆదేశాలిచ్చింది. పట్టుకునే పోలీసుకు పేరు పట్టీ ఉండాలి. అరెస్టు మెమో రాసి, ఇంటి మనిషితోనో ఊరి పెద్దమనిషితోనో సాక్షి సంతకం పెట్టించాలి. అయినవాళ్లకు కబురు చెప్పాలి. పన్నెండు గంటల్లోపు కంట్రోల్ రూంకు తెలిపి, బోర్డు మీద పేరు ఎక్కించాలి. లాకప్పు చావులను ఆపడానికి కోర్టు చెప్పిన ఉపాయాల్లో ఈ బోర్డు ఒకటి.

మన గడ్డకు ఈ సంగతి కోర్టు చెప్పకముందే తెలుసు. 1975 జూలైలో, ఎమర్జెన్సీ చీకట్లో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు 'ఎదురుకాల్పుల్లో' చనిపోయారన్నారు. 1977లో తార్కుండే కమిటీ ఊరూరు తిరిగి ఆరా తీసి, వాళ్లను ముందే పట్టుకుని అడవికి తెచ్చి కాల్చారని తేల్చింది. వాళ్లు పోలీసుల చేతిలో ఉన్నట్టు ఆనాడే ఒక్క కాగితం ముక్క బయట ఉంటే ఆ కథ చెప్పడం అంత అలకగా అయ్యేదా? కన్నబిరాన్, బాలగోపాల్ వంటివాళ్లు ఏళ్ల తరబడి నల్లకోట్లు వేసుకుని హేబియస్ కార్పస్ పిటిషన్లు పట్టుకుని హైకోర్టు మెట్లెక్కింది ఇందుకే. గోడ మీద ఉండాల్సిన పేరు కోసం తల్లిదండ్రులు హైకోర్టుకు పోవాల్సిన దుస్థితి!

మార్కెట్ యార్డులో రైతు బస్తాలు అమ్ముకుంటే తక్‌పట్టీ ఇస్తరు. బస్టాండులో సంచి దాచిపెడితే చీటీ ఇస్తరు. మనిషిని పట్టుకపోతే మాత్రం చీటీ లేదు.

అడిగితే పోలీసోళ్లు ఒక మాయ మాట చెప్తరు. "అరెస్టు కాలేదు, అదుపులోకి తీసుకున్నం." ఈ 'అదుపు' రెండు రోజులు ఉంటది, నాలుగు రోజులు ఉంటది. ఐదో రోజు అరెస్టు చూపిస్తరు. పొద్దున పట్టుకుని, పొద్దు గూకినంక కాగితం మీద గడియారం మొదలుపెడతరు. మా పత్రికలోళ్లం కూడా ఈ పాపంలో భాగస్తులమే. 'అదుపులో ఉన్నట్టు విశ్వసనీయ సమాచారం' అని రాసి చేతులు దులుపుకుంటం. రాజ్యాంగం 22వ అధికరణ ఇచ్చింది ఇరవై నాలుగు గంటలే. ఆ గడువు పోలీసులు రికార్డులో అరెస్టు రాసుకున్న సమయం నుంచి కాదు, మనిషిని పట్టుకున్న క్షణం నుంచే లెక్క అని తెలంగాణ హైకోర్టు 2024లో తేల్చి చెప్పింది. మంచి తీర్పు. కానీ పట్టుకున్న క్షణం ఏదో రుజువు చేసేదెట్ల? పోలీసు డైరీ పోలీసు చేతిలోనే ఉంటది. బోర్డు మీద పేరు, తేదీ, గంట ఉంటేనే ఆ తీర్పుకు కాళ్లు వస్తయి.

ఇక కొత్త చట్టం సంగతి. 2024 జూలై 1న సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 41-సి కాస్తా సెక్షన్ 37 అయింది. చదివితే మొదట సంబరమే అనిపిస్తది. బోర్డు జిల్లా కేంద్రంలోనే కాదు, ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఉండాలట. డిజిటల్‌గా కూడా చూపొచ్చట. ఏఎస్ఐకి తక్కువ కాని ఒక అధికారిని ప్రతి ఠాణాలో ఈ పనికే బాధ్యుణ్ని చేయాలట. బాగుంది. ఊరి తల్లి జిల్లా దాకా పోయే పని తప్పింది. కానీ పాత సెక్షన్‌ను పక్కన పెట్టుకుని చదివితే అసలు మతలబు తెలుస్తది. అరెస్టయిన మనిషి పేరున్నది, చిరునామా ఉన్నది, పెట్టిన నేరం ఉన్నది. అరెస్టు చేసిన అధికారి పేరు, హోదా ఎగిరిపోయినయి! రాష్ట్ర స్థాయిలో జనం కోసం ఉంచాల్సిన వివరాల భాండారం ముచ్చట కూడా లేదు. పట్టుబడ్డోని పేరు బజారుకు, పట్టుకున్నోని పేరు బీరువాకు. ఢిల్లీలో కూర్చుని ఈ రెండు ముక్కలు కోసింది ఎవరు, ఎందుకు? మన ఎంపీలలో ఒక్కరైనా ఈ మాట గట్టిగా అడిగి ఉంటే చూపించండి, తలవంచి అచ్చు వేస్తం.

"పేర్లు గోడకెక్కిస్తే అమాయకుల పరువు పోదా?" అని కొందరు మిత్రులు మమ్మల్నే నిలదీస్తున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక కులంలో పుట్టినందుకే ఎరుకలోళ్లను నేరస్తుల జాబితాలో రాసిన 1871 నాటి తెల్లదొరల చట్టం 1952 దాకా బతికింది. ఆ మచ్చ పోలీసు బుర్రల్లో నుంచి ఇంకా పోలేదు. అమెరికాలో అరెస్టు ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టి, తీసెయ్యాలంటే పైసలు కట్టమన్న దుకాణాలే వెలిసినయి. కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేసి అడ్డుకోవాల్సి వచ్చింది. మాకు అది వద్దు. పిల్లల పేర్లు, అత్యాచార బాధితుల ఆనవాళ్లు ఎక్కడా రావద్దని చట్టమే చెప్తున్నది. కేసు కొట్టేసినంక పేరు ఇంటర్నెట్‌లో ఉండొద్దు. ఫొటో అసలే వద్దు.

కానీ పరువు గురించి పోలీసు శాఖ మాకు పాఠం చెప్పడమే విడ్డూరం. ముఖానికి నల్లగుడ్డ కట్టి, వరుసగా నిలబెట్టి, ముందట బల్ల మీద దొరికిన సొమ్ము పరిచి ప్రెస్ మీట్ పెట్టేది ఎవరు? నేరం రుజువు కాకముందే ఫొటోలు వాట్సాప్ గ్రూపులకు పంపేది ఎవరు? అప్పుడు గుర్తురాని పరువు తల్లి వచ్చి "నా కొడుకు ఉన్నడా" అని అడిగితే గుర్తొస్తదా? ప్రెస్ మీట్ పోలీసు గొప్ప కోసం. బోర్డు పట్టుబడ్డ మనిషి ప్రాణం కోసం. మొదటిది ఏ చట్టంలోనూ లేదు, రోజూ నడుస్తున్నది. రెండోది చట్టంలో ఉన్నది, నడవడం లేదు.

ఎఫ్ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో పెడుతున్నాం కదా అంటరు. 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, ఇరవై నాలుగు గంటల్లో పెట్టమంటే, పెడుతున్నారు. 'సున్నితమైన' కేసులు తప్ప. ఏది సున్నితమో వాళ్లే తేలుస్తరు. అది అట్లుంచితే, ముందస్తు అరెస్టుకు ఎఫ్ఐఆరే ఉండదు! పాత సెక్షన్ 151, ఇప్పటి సెక్షన్ 170. నేరం చేయబోతున్నాడన్న అనుమానంతో పట్టుకోవడం. ధర్నా పిలుపు ఇచ్చిన ప్రతిసారీ వాడేది ఇదే. ఎఫ్ఐఆర్ లేదు, కోర్టు లేదు, రాత్రికి సొంత పూచీకత్తు సంతకం, బయటికి. ఎక్కడా ఆనవాలు మిగలదు. సెక్షన్ 37 ప్రకారం బోర్డులో 'నేరం స్వభావం' అనే గడి నింపాలి కదా, అందులో ఏం రాస్తరు? ఛలో అసెంబ్లీకి పోదామనుకున్నాడు అనా?

తెలంగాణ వస్తే ఇవన్నీ పోతయనుకున్నం. 2017 ఫిబ్రవరి 22న నిరుద్యోగ ర్యాలీ రోజు, తెల్లారకముందే తలుపులు పగలగొట్టి కోదండరాం సారును తీసుకుపోయారు. జేఏసీ ఛైర్మన్‌గా మనందరినీ నడిపించిన మనిషికే ఆ గతి. 2019 నవంబర్‌లో ఆర్టీసీ కార్మికులు ఛలో ట్యాంక్‌బండ్ అంటే మళ్లీ ముందస్తు అరెస్టులే. ప్రభుత్వం మారింది. 2025 మార్చి 30న కంచ గచ్చిబౌలి భూముల కాడ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులను వ్యాన్లల్లో వేసుకుపోయారు. వ్యాన్ల రంగు మారి ఉండొచ్చు. 2013లో కిరణ్ సర్కారును తిట్టిన నోళ్లు తర్వాత అధికార పీఠం మీద కూర్చుని అదే పని చేసినయి, కుర్చీ దిగినంక మళ్లీ ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుతున్నయి.

సమాచార హక్కు ఉంది కదా అని ఒక అధికారి మాతో నవ్వుతూ అన్నాడు. ఉన్నది. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే నలభై ఎనిమిది గంటల్లో ఇయ్యాలని 2005 చట్టం చెప్తున్నది. కోర్టు ముందు నిలబెట్టే గడువు ఇరవై నాలుగు గంటలు. అంటే జవాబు వచ్చేసరికి మనిషి జైల్లోనన్నా ఉంటడు, ఇంట్లోనన్నా ఉంటడు, లేకుంటే దవాఖానలో ఉంటడు. అది కూడా 'దర్యాప్తుకు ఆటంకం' అని తిప్పి పంపకపోతే. దర్యాప్తు నడుస్తున్నదన్న ఒక్క కారణంతో సమాచారం నిరాకరించడం కుదరదని ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పినా ఆ రబ్బరు ముద్ర అరగడం లేదు.

2025 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలు మనిషికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇయ్యాలని. పన్నెండేళ్ల కింద ఫంక్షన్ హాల్లో మాతో సంతకం పెట్టించుకున్న కాగితం గుర్తొచ్చింది. అది ఏ భాషలో ఉన్నదో కూడా మేం చూడలేదు.

మేం అడుగుతున్నది పెద్ద బడ్జెట్ పని కాదు. ప్రతి ఠాణాలో గేటు బయట, లోపలికి పోకుండానే కనపడే తీరు, తెలుగులో, ఉర్దూ చదివే కాడ ఉర్దూలో కూడా ఒక బోర్డు. ముందస్తు అరెస్టయినా సరే పేరు, పట్టుకున్న గంట, ఎక్కడ ఉంచారో ఆ జాగా. ఫంక్షన్ హాలైతే ఫంక్షన్ హాలని రాయండి. పట్టుకున్న అధికారి పేరు రాయొద్దని సెక్షన్ 37 ఎక్కడా అనలేదు, రాష్ట్ర ప్రభుత్వం ఒక్క జీవోతో మళ్లీ చేర్చొచ్చు. బాధ్యుడైన ఏఎస్ఐ ఎవరో ఆ పేరు కూడా బోర్డు మీదనే పెట్టండి.

పాఠకులకు ఒక పని చెప్తున్నం. ఈ వారం మీ మండలం ఠాణా కాడికి పోండి. ఒక్కరే పోవద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. బోర్డు ఉన్నదా, లోపల బీరువా చాటున ఉన్నదా, దాని మీద ఆఖరు తేదీ ఏది, ఏఎస్ఐ ఎవరంటే ఏమన్నారు, రాసి పంపండి. ఠాణా పేరుతో సహా అచ్చు వేస్తం. అరెస్టయినవాళ్ల పేర్లు మాత్రం మాకు పంపొద్దు.