తూర్పు హారో చెప్పు పాఠము

2024 జూలైలో జరిగిన బ్రిటిషు పార్లమెంటు ఎన్నికలలో కన్సర్వేటివు పక్షము ఘోర పరాజయము నొంది 121 స్థానములతో మిగిలెను. పడిన వోట్లలో సగమునకు మించి ఆ పక్షమునకు లభించిన నియోజకవర్గము దేశమంతట నొక్కటియే. అది లండను నగరమునకు వాయవ్యపు టంచున నున్న తూర్పు హారో. అచ్చట బాబ్ బ్లాక్‌మన్ 11,680 వోట్ల ఆధిక్యముతో గెలిచెను. హిందువుల వోట్లే దీనికి కారణమని పలువు రనుచున్నారు. ఇందు సత్యము కలదు గాని, ఇదియే సంపూర్ణ సత్యము కాదు.

స్టాన్‌మోర్, కెంటన్, క్వీన్స్‌బరీ మున్నగు నీ శివారు ప్రాంతములు రైలుమార్గముల వెంట పెరిగినవి. స్టాన్‌మోరునకు 1932లో మెట్రోపాలిటన్ రైలు వచ్చెను. నగరమునకు పోయి పనిచేసికొని సాయంకాలమునకు సొంత యింటికి మరలు మధ్యతరగతి జనులు వీనిలో స్థిరపడిరి. పిమ్మట కెన్యా, ఉగాండాల నుండి గుజరాతీలు వచ్చిరి. నేడు ఈ నియోజకవర్గమున హిందువులు నాలుగవ వంతునకు మించియున్నారు.

వీరి రాజకీయములకు చరిత్ర కలదు. 1968లో కెన్యా భారతీయుల రాకను శాసనముచే నరికట్టినది లేబరు ప్రభుత్వము. 1972లో ఇడీ అమీన్ వెడలగొట్టిన ఉగాండా భారతీయులను చేర్చుకొన్నది కన్సర్వేటివు ప్రభుత్వము. 2019లో లేబరు మహాసభ కాశ్మీరమును గూర్చి చేసిన తీర్మానము పెక్కుమంది హిందువుల మనస్సులను నొప్పించెను. అయినను 1997 నుండి 2010 వరకు ఇచ్చట ప్రతినిధి లేబరు పక్షమువాడే. 2017లో బ్లాక్‌మన్ ఆధిక్యము 1,757 మాత్రమే. మతమొక్కటే వోటును నిర్ణయించునేని ఈ హెచ్చుతగ్గు లెట్లు కలుగును? సొంత యిల్లు, అంగడి, పన్నులు, పిల్లల చదువు - వీనిని గూర్చిన చింత గృహస్థుని వోటును నడపుట లేదా?

మమ్ము కలవరపెట్టు విషయ మొకటి కలదు. సమానత్వ శాసనములో కులమును చేర్చవలెనని 2013లో పార్లమెంటు విధించెను. అట్లు చేసిన లేని కులభేదమును నాటినట్లగునని హిందూ సంఘములు పెక్కు వాదించినవి. బ్లాక్‌మన్ వారిని బలపరచెను. 2018లో ప్రభుత్వ మా సంకల్పమును విడిచెను. ఆ వాదమును మేము తేలికగా త్రోసివేయము. అయినను, మేనిరంగును బట్టి తమకు జరిగిన అవమానములనుండి శాసనముచేతనే రక్షణ పొందినవారు, తమలోని బలహీనునకు అట్టి రక్షణ వలదనుట న్యాయమా?

వోటు ఏ పక్షమునకును పిత్రార్జితము కాదని తూర్పు హారో లేబరు పక్షమునకు నేర్పినది. అది మేలైన పాఠమే. అది ఏ దేవాలయమునకును, ఏ సంఘమునకును పిత్రార్జితము కాదని కూడ ఆ వోటర్లే ఒకనాడు నేర్పిననాడు ఆ పాఠము సంపూర్ణమగును.